అక్వేరియం రాళ్ళు తూచడానికి ఏ కాటా కొనాలి?

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళకి జవాబు ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఒకటో రెండో అక్వేరియంలు, వాటిలోకి ఐదు నుంచి పాతిక కిలోల దాకా రాళ్ళు, ఇదీ మీ లెక్క అయితే కొక్కేనికి తగిలించి తూచే డిజిటల్ లగేజి కాటా కొనుక్కోండి. సుమారు మూడొందల నుంచి ఐదొందల మధ్య దొరుకుతుంది, యాభై కిలోల దాకా తూస్తుంది. వంటింటి కాటాది రెండో స్థానం. ఒళ్ళు తూచుకునే బాత్రూం కాటా ఇంట్లో ఇప్పటికే ఉంటే వాడుకోండి గానీ రాళ్ళ కోసమని కొనకండి. కొట్లలో వాడే ముప్ఫై కిలోల టేబుల్ కాటా చాలా మంచి వస్తువే, కానీ మీరే రాళ్ళ వ్యాపారం పెట్టుకుంటే తప్ప దానికి రెండువేలు పొయ్యడం దండగ. ఏడాదికి ఒక్కసారి రాళ్ళు కొనేవాళ్ళయితే అసలు ఏదీ కొనొద్దు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

మా బరంపురం వైపు ఈ ప్రశ్న ఎందుకొస్తుందంటే, ఇక్కడ చేపలమ్మే కొట్లున్నాయి గానీ డ్రాగన్ స్టోన్, సెయిర్యూ, లావా రాయి లాంటి అక్వేరియం అలంకరణ రాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు ఉండవు. భువనేశ్వర్ నుంచో విశాఖపట్నం నుంచో కోల్‌కతా నుంచో తెప్పించుకోవాలి. ఆదివారం కోల్‌కతాలో గాలిఫ్ స్ట్రీట్ సంతకి వెళ్ళి కావలసినవి ఏరుకుని, హౌరా–చెన్నై లైను మీద రాత్రి బండెక్కి సంచి మోసుకొచ్చే పట్టుదల ఉన్నవాళ్ళూ ఉన్నారు. మిగతావాళ్ళం రవాణా ఖర్చు కలిసొస్తుందని ముగ్గురు నలుగురు కలిసి ఒకే మూట తెప్పించి పంచుకుంటాం. ఇచ్ఛాపురం నుంచి ఒకరు, పర్లాకిమిడి నుంచి ఒకరు, ఇలా. అక్కడ మొదలవుతుంది అసలు తగువు. బియ్యమైతే సమానంగా కొలిచి పోసుకోవచ్చు, రాయిని కోయలేం కదా. "ఆ నిలువు రాయి నాకొదిలెయ్యి అన్నయ్యా, ఎంత బరువుంటే అంత డబ్బులిచ్చేస్తాను" అని ఒకడంటాడు. ఎంత బరువుందో తేల్చాలి. చేత్తో ఎత్తి "రెండున్నర ఉంటుందిలే" అనే పెద్దమనిషి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు, ఆ రాయి తనే తీసుకుంటున్నప్పుడు మాత్రం అది రెండే ఉంటుంది.

ఎంత కచ్చితంగా తూగాలి?

చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. కాటా పెట్టె మీద "ఒక గ్రాము తేడా కూడా చూపిస్తుంది" అని ఉంటే అదే గొప్పదనుకుంటారు. అంకె ఎంత సన్నగా చూపిస్తుందన్నది ఒక విషయం, ఆ అంకె ఎంతవరకు నిజమన్నది ఇంకో విషయం. తెర మీద 4.237 అని కనబడినంత మాత్రాన అసలు బరువు 4.237 కానక్కర్లేదు, 4.26 కూడా అయి ఉండొచ్చు. రాళ్ళకి ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. కిలో రెండొందలు అనుకుందాం, పది కిలోల మీద యాభై గ్రాములు అటూ ఇటూ అయితే పోయేది పది రూపాయలు.

డబ్బు పోయేది వేరే చోట, నీళ్ళ దగ్గర. లావా రాయి నిండా చిల్లులే, నానితే బోలెడు నీళ్ళు పట్టేస్తుంది. మాకు తెలిసిన ఒక కొట్లో రాళ్ళ మీద దుమ్ము లేకుండా "శుభ్రంగా కడిగి ఇస్తాం బాబూ" అని పైపుతో తడిపి, నీళ్ళు కారుతుండగానే కాటా మీద పెట్టేస్తారు. రాయి బరువులో పదో వంతు నీళ్ళే ఉన్నాయనుకోండి, పది కిలోల్లో కిలో నీళ్ళకి రెండొందలు కట్టినట్టు. ఎంత ఖరీదైన కాటా అయినా దీన్ని పట్టుకోలేదు, అది తన మీద ఉన్నదంతా నిజాయితీగానే తూస్తుంది. కాబట్టి పొడి రాయిని తూచమని అడగండి, తడిదే ఉందంటే ధర తగ్గించమని అడగండి, ఆ తర్వాతే కాటా సంగతి. సెయిర్యూ, గ్రానైట్ లాంటి గట్టి రాళ్ళతో ఈ బాధ పెద్దగా లేదు, పైన తడి ఆరితే చాలు.

లగేజి కాటా

చేతిలో పట్టుకునే పిడి, కింద కొక్కెం లేదా పట్టీ, మధ్యలో చిన్న తెర. చాలావాటి మీద యాభై కిలోలు, పది గ్రాములు అని రాసి ఉంటుంది, అంటే యాభై కిలోల దాకా తూస్తుంది, అంకె పది గ్రాముల మెట్లతో మారుతుంది. లోపల సన్నని లోహపు దిమ్మ ఒకటి ఉంటుంది, బరువు పడినప్పుడు అది కంటికి కనబడనంత వంగుతుంది, దానికి అంటించిన తీగ సాగి కరెంటుకి అడ్డు కొంచెం మారుతుంది, ఆ మార్పునే కిలోలుగా చూపిస్తుంది. వంటింటి కాటాలోనూ కొట్టు కాటాలోనూ ఉన్నది ఇదే పని, తేడా అంతా దిమ్మ నాణ్యతలోనూ అది కూర్చున్న చట్రంలోనూ.

నేను దీన్నే ముందు పెట్టడానికి మొదటి కారణం, రాయి ఆకారంతో దీనికి పని లేదు. అక్వేరియం రాయి అంటే అడుగు పొడవున్న నిలువు రాయి, కొమ్ములున్న రాయి, పళ్ళెం మీద నిలబడనిది. ఉల్లిపాయలొచ్చే నెట్ సంచిలో వేసి తగిలిస్తే అయిపోయింది. ఆ సంచి బరువు పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. బస్తాగానే తూచాలంటే బస్తా మూతి నైలాన్ తాడుతో కట్టి తగిలించండి. రెండో కారణం, దీంతో రాయిని నీళ్ళలో ముంచి తూచొచ్చు, ఇది మిగతా ఏ చౌక కాటాతోనూ తేలిగ్గా కాదు. దీని గురించి కింద వివరంగా రాశాను, ఎందుకంటే నా లెక్కలో ఈ ఒక్క పని కోసమే ఈ కాటా కొనొచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే ఊగుతుంది, అంకె నిలవదు, పది కిలోలు దాటాక చెయ్యి లాగేస్తుంది. దీనికి మందు, కాటాని చేత్తో పట్టుకోకుండా వసారా గ్రిల్లుకో, గుమ్మం పైన కడ్డీకో, రెండు కుర్చీల మధ్య పెట్టిన గట్టి కర్రకో కట్టేయడం. బరువు కాస్త నిలకడగా అనిపించగానే ఇది అంకెని పట్టి ఉంచేస్తుంది, ఊగుతుండగా పట్టేస్తే తప్పు అంకె వస్తుంది, అందుకని మరోసారి తూచి రెండూ కలుస్తున్నాయో లేదో చూడాలి.

ఇంకో తమాషా. వీటిలో చాలావాటికి కొలత మార్చే మీట ఉంటుంది, కిలోలు, పౌండ్లు, ఔన్సులు, వాటితోపాటు జిన్ అని ఒకటి. జిన్ అంటే చైనా బజార్లలో వాడే తూకం, అర కిలో. పొరపాటున మీట నొక్కితే ఆరు కిలోల రాయి పన్నెండు చూపిస్తుంది. రాళ్ళు పంచుకునే చోట ఒకరి కాటా ఇలా రెట్టింపు చూపిస్తుంటే, అది పాడైపోయిందని పారెయ్యకముందు తెర మూలన ఉన్న చిన్న అక్షరాలు చూడండి.

ప్లాస్టిక్ కొక్కెం ఉన్నది వద్దు, ఇనుప కొక్కెం ఉన్నదే తీసుకోండి. యాభై కిలోలని రాసి ఉంది కదా అని నలభై కిలోల మూట తగిలించకండి, పాతికతో సరిపెట్టుకోండి, కింద కాళ్ళుంటాయి. అన్నట్టు రైల్లో స్లీపర్ క్లాసుకి మనిషికి 40 కిలోలు ఉచితంగా తీసుకెళ్ళొచ్చు, రాళ్ళ సంచితో వచ్చేవాళ్ళకి అక్కడా ఈ కాటానే పనికొస్తుంది.

వంటింటి కాటా

తెల్లటి ప్లాస్టిక్, గుండ్రటి పళ్ళెం, పది కిలోలు, ఒక గ్రాము, రెండు పెన్సిల్ సెల్స్. ఎస్‌ఎఫ్-400 అనే మోడల్ పేరుతో ఎన్నో కంపెనీల స్టిక్కర్లతో దొరుకుతుంది, ధర కూడా లగేజి కాటాకి కాస్త అటూ ఇటూ. చిన్న ట్యాంకులు పెట్టుకునేవాళ్ళకి, అంటే అడుగు, అడుగున్నర పొడవువి, ఇది సరిగ్గా సరిపోతుంది, రాళ్ళన్నీ కలిపినా నాలుగైదు కిలోలు దాటవు, ఏ రాయీ రెండు కిలోలుండదు. పైగా ఇంట్లో మైసూర్‌పాక్ చేసే రోజు కూడా పనికొస్తుంది కాబట్టి ఇంటావిడ దగ్గర అనుమతి సులువు. అదే కాటా మీద ముందు రోజు మట్టి రాయి పెట్టిన సంగతి తెలిస్తే అనుమతి రద్దవుతుంది, కాబట్టి పాలిథిన్ కవరు తొడగండి.

దీని మీద పెద్ద రాయి పెడితే తెర కనబడదు. అప్పుడు పళ్ళెం మీద స్టీలు గిన్నె బోర్లించి, సున్నా చేసి, దాని మీద రాయి పెట్టాలి. ఇక్కడొకటి గుర్తుంచుకోవాలి, సున్నా చేసినంత మాత్రాన గిన్నె బరువు మాయమైపోదు, పది కిలోల హద్దులో అది కూడా లెక్కే. కిలో గిన్నె పెడితే రాయికి మిగిలేది తొమ్మిదే. రాయి మధ్యలో ఉండాలి, ఒక పక్కకి వాలితే చౌక కాటాల్లో అంకె మారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, రాయిని పడెయ్యకూడదు, ఆనించి మెల్లగా వదలాలి. ఎనిమిది కిలోల రాయి నాలుగంగుళాల పైనుంచి జారి పడితే లోపలి దిమ్మ శాశ్వతంగా వంగిపోతుంది, ఆ తర్వాత కాటా పనిచేస్తున్నట్టే ఉంటుంది, తప్పు చూపిస్తుంటుంది. నీళ్ళు తగిలినా అంతే, వీటికి నీళ్ళ నుంచి రక్షణ ఏమీ ఉండదు.

ట్యాంకులోని మొక్కలకి పొడి ఎరువులు కలుపుకునేవాళ్ళు ఈ కాటాతో అర గ్రాము, గ్రాము తూచే ప్రయత్నం చెయ్యకండి, ఆ పనికి నగలు తూచే చిన్న కాటా వేరే ఉంటుంది. దాని మీద రాయి పెట్టకండి అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

బాత్రూం కాటా

గాజు పలకది, నూట ఎనభై కిలోల దాకా, వంద గ్రాముల మెట్లతో. రాయి నేరుగా పెడితే చిన్న బరువులకి మేలుకోదు కూడా. అందుకని అందరూ చేసేది, ముందు తను ఎక్కి చూసుకోవడం, తర్వాత రాయి పట్టుకుని ఎక్కడం, రెండిటి తేడా తియ్యడం. 68.4, 80.9, తేడా పన్నెండున్నర. పెద్ద మూటలకి ఇది బాగానే ఉంటుంది, రెండు కిలోల రాయికి పనికిరాదు, రెండుసార్లు తూచినప్పుడు రెండు తప్పులు కలుస్తాయి మరి. ఇందులో ఇంకో మోసం ఉంది, చాలా డిజిటల్ బాత్రూం కాటాలు కిందటిసారి చూపిన బరువుని గుర్తుపెట్టుకుని, కొత్త బరువు దానికి దగ్గర్లో ఉంటే పాత అంకెనే మళ్ళీ చూపిస్తాయి. ఎక్కినవాళ్ళకి "ఎన్నిసార్లు ఎక్కినా ఒకటే చూపిస్తోంది, ఎంత కచ్చితమో" అనిపించాలని పెట్టిన ఏర్పాటు అది. మీరు ఎక్కి, వెంటనే అర కిలో రాయి పట్టుకుని ఎక్కితే బరువు మారనట్టే చూపించొచ్చు. ముల్లు తిరిగే పాతరకానివయితే మెట్టే ఒక కిలో ఉంటుంది, వదిలెయ్యండి.

స్ప్రింగు కాటా

పాత పేపర్లు కొనేవాళ్ళ చేతిలో ఉండే రకం. సెల్స్ అక్కర్లేదు, పడేసినా పగలదు, గోపాల్‌పూర్ గాలికి కొక్కెం తుప్పు పట్టినా పనిచేస్తూనే ఉంటుంది. ఇరవై ఐదు, యాభై కిలోలవి దొరుకుతాయి. గీతల మధ్య ఎడం వంద, రెండొందల గ్రాములుంటుంది, ఏళ్ళు గడిస్తే స్ప్రింగు సాగి సున్నా కిందకి జారుతుంది. కొత్తది కొనేంత విషయం లేదు. పాత ఇనుప సామాన్ల కొట్లో మంచిది కనబడితే మాత్రం వదలకండి.

టేబుల్ కాటా, దాని మీద ఉండే రాత

ముప్ఫై కిలోలు, ఐదు గ్రాములు, స్టీలు పళ్ళెం, ముందూ వెనకా రెండు వైపులా తెర, కరెంటు పోయినా నడిచేలా లోపల చార్జింగు బ్యాటరీ. ధర పదిహేను వందల నుంచి మూడువేల దాకా. పెద్ద రాయి కూడా తిన్నగా కూర్చుంటుంది, అంకె నిలుస్తుంది. మా ఊళ్ళో అప్పడాలు, పచ్చళ్ళు అమ్మే ప్రతి కొట్లోనూ ఇదే ఉంటుంది.

కొట్టు కాటాకి ఒక రేకు అంటించి ఉంటుంది, దాన్ని చదవడం నేర్చుకుంటే కొట్లో మీకు అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది. గరిష్ఠ బరువు, కనిష్ఠ బరువు, ‘ఇ’ అనే ఇంగ్లిషు చిన్న అక్షరం పక్కన కొన్ని గ్రాములు ఉంటాయి. ఆ అక్షరం చెప్పేది సర్కారు తనిఖీలో లెక్కలోకి వచ్చే అతి చిన్న మెట్టు. మామూలు వ్యాపారంలో వాడే మూడో తరగతి కాటాకి కనిష్ఠ బరువు దానికి ఇరవై రెట్లు. అంటే ఐదు గ్రాముల మెట్టున్న కాటా వంద గ్రాముల లోపు సరుకు తూచడానికి ఉద్దేశించింది కాదు. రాళ్ళకి ఇబ్బందేమీ లేదు, అదే కాటా మీద పది గ్రాముల చేపల మేత తూచి ఇస్తుంటే మాత్రం ఆలోచించాల్సిందే.

అమ్మకానికి వాడే కాటాకి 2009 నాటి తూనికలు కొలతల చట్టం ప్రకారం అధికారులు పరీక్షించి వేసిన ముద్ర ఉండాలి, గడువు తీరేలోపు మళ్ళీ వేయించుకోవాలి. మన ఎస్‌ఎఫ్-400కి ఆ ముద్ర ఉండదు. ఇంట్లో వాడుకోవడానికి, నేస్తాలతో పంచుకోవడానికి దానితో పేచీ లేదు, కానీ రాళ్ళమ్మే కొట్టాయన వంటింటి కాటా మీద తూచి డబ్బులు తీసుకుంటుంటే అది చట్టానికి ఒప్పదు. గొడవ పడమని కాదు, మీ సంచిలోంచి లగేజి కాటా తీసి "మళ్ళీ ఒకసారి చూద్దాం మావయ్యా" అనండి చాలు.

నీళ్ళలో తూచడం

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

రాయిని ముందు పొడిగా, గాల్లో తూచండి. తర్వాత పెద్ద బకెట్టులో నీళ్ళు పోసి, అదే సంచిలో ఉన్న రాయిని కాటాకి వేలాడుతుండగానే పూర్తిగా ముంచండి. అడుగుకీ అంచులకీ తగలకూడదు. అంకె గబగబా పడిపోయి ఒక చోట ఆగుతుంది. ఉదాహరణకి గాల్లో 11.84 చూపించిన రాళ్ళ సంచి నీళ్ళలో 7.40 చూపించిందనుకోండి. తేడా 4.44 కిలోలు. లీటరు నీళ్ళు కిలో కాబట్టి ఆ రాళ్ళు ఆక్రమించే చోటు 4.44 లీటర్లు. ఆర్కిమెడిస్ సూత్రమే, పదో తరగతి లోపే చదువుకున్నాం, పనికొచ్చేది ఇక్కడ. పదకొండు పాయింట్ ఎనభై నాలుగుని 4.44తో భాగిస్తే 2.67, అంటే నీళ్ళకన్నా అన్ని రెట్లు సాంద్రత, గ్రానైట్ ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

ఈ లెక్కతో రెండు పనులవుతాయి. ఒకటి మందుల మోతాదు. అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్ఫై వెడల్పు, ముప్ఫై ఎత్తు ట్యాంకుని అందరూ 54 లీటర్లంటారు, అది అంచుదాకా, ఖాళీ గాజుపెట్టెకి. నీళ్ళు పోసేది 26 సెంటీమీటర్ల ఎత్తు దాకా అనుకోండి, అది దాదాపు 47 లీటర్లు. అందులోంచి రాళ్ళు 4.4 తీసేస్తే 42 చిల్లర, ఇసుక తీసేస్తే ఇంకా కిందకి. తెల్లమచ్చల జబ్బుకి 54 లీటర్ల నీళ్ళకి సరిపడే మందు పోస్తే పావు వంతు ఎక్కువ పోసినట్టు, కొన్ని చేపలకి, ముఖ్యంగా పొలుసులేని వాటికి, అది ప్రాణం మీదకొస్తుంది. అంత అవసరమైన అంకె మూడొందల కాటాతో వస్తోంది.

రెండోది స్టాండు మీద భారం. పన్నెండు కిలోల రాళ్ళు వేస్తే స్టాండు మీద పన్నెండు కిలోలు పెరుగుతాయనుకుంటాం. అదే గీత దాకా నీళ్ళుంచితే పెరగవు, ఎందుకంటే రాయి వచ్చిన చోట నీళ్ళు పోతాయి. నిజంగా పెరిగేది నీళ్ళలో తూచినప్పటి అంకే, 7.40. మూడడుగుల ట్యాంకుకి, తొంభై బై నలభై ఐదు బై నలభై ఐదు, నీళ్ళే 180 లీటర్ల పైన, గాజూ ఇసుకా కలిపితే రెండొందల కిలోలు దాటిపోతుంది, అందులో రాళ్ళ వాటా మీరు భయపడినంత ఉండదు. గాజు పగిలేది మొత్తం బరువుకి కాదు, ఒక కొన మీద నిలబడ్డ రాయికి. కింద సన్నటి ఫోమ్ షీటు వెయ్యండి, రాయిని ఇసుక మీద కాకుండా షీటు మీద ఆనించి తర్వాత చుట్టూ ఇసుక పొయ్యండి.

చిల్లుల రాళ్ళకి మాత్రం చిన్న మార్పు. ఎండినప్పటి బరువు ముందు రాసుకుని, రాత్రంతా నానబెట్టి, కదిపితే బుడగలు రావడం ఆగిపోయాక నీళ్ళలో తూచండి. నానకముందే ముంచితే చిల్లుల్లో గాలి ఉండి రాయి తేలిగ్గా కనబడుతుంది, లీటర్లు ఎక్కువ వస్తాయి.

సముద్రపు ట్యాంకు పెట్టేవాళ్ళు గాలన్‌కి ఒకటిన్నర పౌండ్ల రాయి అనే పాత సూత్రం పట్టుకుంటారు, మన కొలతల్లో లీటరుకి దాదాపు 180 గ్రాములు. చిల్లులున్న తేలిక రాయి ఎనిమిది కిలోలు వేస్తే ట్యాంకు నిండిపోతుంది, గట్టి రాయి ఎనిమిది కిలోలు వేస్తే మూల కూడా నిండదు, కాబట్టి ఆ సూత్రం కొనుగోలుకి ఒక అంచనా మాత్రమే. వాళ్ళకింకో మాట, మన దేశంలో పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, బతికినవీ చచ్చినవీ కూడా. "సముద్రం నుంచి తెచ్చిన రాయి, చౌకగా ఇస్తా" అంటే కాటా తియ్యకుండా వచ్చెయ్యండి.

రాళ్ళు ఏరుకొచ్చుకునేవాళ్ళకి

మహేంద్రతనయ ఒడ్డునో వంశధార ఒడ్డునో నాలుగు గుండ్రాళ్ళు జేబులో వేసుకొచ్చేవాళ్ళకి కాటా ఎందుకంటారా, రాయి రకం పట్టుకోవడానికి. నీళ్ళలో తూచే లెక్కతో వచ్చిన సాంద్రత మూడు దాటితే అందులో ఇనుము లాంటి బరువు ఖనిజాలు ఉండొచ్చని అనుమానించండి. మా తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే ఖొండలైట్ రాయి, కోణార్క్ గుడికి వాడింది అదే, ఎండకీ వానకీ మెత్తబడి పొడిపొడిగా రాలుతుంది, అలా రాలేది ట్యాంకుకి వద్దు. ఏ రాయైనా నిమ్మరసమో వెనిగరో చుక్క వేసి చూడండి, బుసబుసమని నురగొస్తే అది సున్నపు రాయి, నీటి గట్టిదనం పెంచుతుంది. ఛత్రపూర్ వైపు తీరంలో నల్ల ఇసుక అందంగా ఉంటుందని డబ్బాలో నింపుకోకండి. అది ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాల ఇసుక, ఒక గ్లాసు నల్ల ఇసుక, ఒక గ్లాసు మామూలు ఇసుక వంటింటి కాటా మీద తూస్తే తేడా మీకే తెలుస్తుంది. అందులో మోనజైట్ కూడా ఉంటుంది, దానిలో రేడియోధార్మిక థోరియం, చేపల మాట అలా ఉంచి మీ హాల్లో అదెందుకు?

ఏదీ కొననక్కర్లేనివాళ్ళు

ఒక్కసారి ట్యాంకు కట్టుకుని ఏళ్ళతరబడి కదపనివాళ్ళు మీ వీధి కిరాణా కొట్టుకి వెళ్ళండి. మధ్యాహ్నం రెండు మూడు మధ్య బేరాలుండవు. రాళ్ళు పొడిగా, కడిగినవి, కింద పేపరు వేసి పెడితే ఎవరూ కాదనరు. ఒట్టి చేతుల్తో వెళ్ళి తూచుకుని రాకుండా అర కిలో పప్పు కొనండి, రెండోసారి వెళ్ళే మొహం ఉంటుంది. పెద్ద మూట అయితే పాత ఇనుప సామాన్ల కొట్లో నేల కాటా ఉంటుంది, పిండిమరలోనూ ఉంటుంది. గ్యాసు బండ తెచ్చే అబ్బాయి దగ్గర బండ తూచే కాటా ఉండాలి, నవ్వుతూ అడిగితే ఓ రెండు నిమిషాలు ఇస్తాడు.

కొన్న రోజే చెయ్యాల్సింది

ఆన్‌లైన్లో తెప్పించుకుంటే, వాపసు గడువు పోకముందే కాటాని పరీక్షించండి. దీనికి తూకంరాళ్ళు అక్కర్లేదు. సీలు తియ్యని లీటరు నీళ్ళ సీసా ఒక కిలో, సీసా బరువు ఇంకో పాతిక ముప్ఫై గ్రాములు. ఐదు కిలోల గోధుమపిండి ప్యాకెట్టు ఒకటి. పెద్ద బరువుకి బియ్యం బస్తా తగిలించొచ్చు, కానీ బస్తా మీద రాసింది చదవండి, 2022లో పాతిక కిలోల దాకా ప్యాకింగు బియ్యానికి జీఎస్టీ పెట్టాక చాలామంది 26 కిలోల బస్తాలు వేస్తున్నారు, పాతికనుకుని తూచి కాటా కిలో ఎక్కువ చూపిస్తోందని తిప్పి పంపకండి.

చిన్న బరువు, మధ్య బరువు, పెద్ద బరువు, మూడిటి దగ్గరా చూడండి, ఒక్క కిలో దగ్గర సరిగ్గా ఉండి పదిహేను దగ్గర తప్పే కాటాలుంటాయి. ఒక్కో బరువు మళ్ళీ మళ్ళీ తగిలించండి. బరువు తీసేశాక సున్నాకి రావాలి. పది కిలోల మీద యాభై గ్రాముల లోపు తేడా అయితే ఉంచుకోండి, వంద అయితే మీ ఇష్టం, అంతకు మించితే, లేదా ప్రతిసారీ వేరే అంకె వస్తుంటే, తిప్పి పంపెయ్యండి. అంకెలు ఎగిరిపడుతుంటే మాత్రం ముందు సెల్స్ మార్చి చూడండి, పెట్టెలో ఇచ్చే సెల్స్ సగం అయిపోయే వస్తాయి. వాడనప్పుడు సెల్స్ తీసి పెట్టుకోండి, సముద్రం దగ్గర ఊళ్ళలో ఒక్క వానాకాలానికి లోపలి రేకులు పచ్చగా చిలుం పట్టేస్తాయి.